నీళ్ళ కంపెనీల్లో పెట్టుబడి: పొలం అమ్మిన 12 లక్షలు పెట్టొచ్చా?

కొల్లేటి_కొంగ
నాన్నగారు పోయాక ఊళ్ళో పొలం అమ్మేశాం. నా వాటాకి 12 లక్షలు వచ్చాయి. బ్యాంకులో నా ఖాతా చూసే అబ్బాయి రెండు వారాలుగా ఒకటే పోరు. "సార్, రేపటి చమురు నీళ్ళే. ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా సురక్షితమైన తాగునీరు లేదు. జనం పెరుగుతారు, నీళ్ళు పెరగవు. విదేశీ వాటర్ ఫండ్‌లో పెట్టి పదేళ్ళు మర్చిపోండి" అంటాడు. వింటుంటే కాదనడానికి ఏమీ కనపడదు. నీళ్ళు అక్కర్లేని మనిషి ఎవరు? అయినా మనసు ఒప్పుకోవట్లేదు. ఈ రంగంలో పనిచేసినవాళ్ళు, డబ్బు పెట్టినవాళ్ళు ఉంటే చెప్పండి. పొలం డబ్బు ఇది, పోతే అమ్మకి మొహం చూపించలేను.

స్మాల్‌క్యాప్_సూరి
పెట్టేయండి, ఆలోచించకండి. అమెరికాలో తాగునీటి సీసం పైపులన్నీ పదేళ్ళలో మార్చాలని 2024 అక్టోబరులో రూలు తెచ్చారు. 2021 చట్టంలో నీళ్ళకీ మురుగుకీ కలిపి 5,000 కోట్ల డాలర్లకు పైనే ఇచ్చారు. బ్రెజిల్ 2033 కల్లా 99% జనానికి నీళ్ళు, 90% జనానికి మురుగు లైన్లు ఇవ్వాలని చట్టమే చేసింది. ఇంత పని ఖాయంగా ఉన్న రంగం ఇంకోటి చూపించండి.

లండన్_లక్ష్మి
పని ఖాయమే సూరి గారూ, లాభం ఖాయమని ఎవరు చెప్పారు?

ఇక్కడ ఇంగ్లండ్‌లో 1989లో నీళ్ళ బోర్డులు ప్రైవేటుకి అమ్మారు. అమ్మేటప్పుడు వాటి పాత అప్పులు ప్రభుత్వమే మాఫీ చేసింది. లండన్‌కి నీళ్ళిచ్చే థేమ్స్ వాటర్‌కి దాదాపు కోటీ 60 లక్షల మంది వినియోగదారులు, పోటీ కంపెనీ లేదు, గిరాకీ ఒక్క చుక్క తగ్గలేదు. ఇవాళ దాని అప్పు 1,600 కోట్ల పౌండ్లు దాటింది. మురుగు నదుల్లోకి వదిలినందుకూ, తప్పుగా డివిడెండ్లు పంచినందుకూ 2025 మేలో నీళ్ళ కంపెనీల రెగ్యులేటర్ ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అందులో అతిపెద్ద వాటాదారు ఎవరనుకున్నారు? కెనడాలోని ఒంటారియో మునిసిపల్ ఉద్యోగుల పెన్షన్ ఫండు. 2024లో తన వాటా విలువ సున్నా అని రాసేసుకుంది. పెన్షన్ డబ్బు పెట్టేవాళ్ళు ఎన్ని లెక్కలు చూసి పెట్టి ఉంటారో ఆలోచించండి. కొంగ గారికి బ్యాంకు అబ్బాయి చెప్పిందే వాళ్ళకీ ఎవరో చెప్పి ఉంటారు.

స్మాల్‌క్యాప్_సూరి
@లండన్_లక్ష్మి ఒక్క కంపెనీ మునిగితే రంగం మునిగినట్టా? సెవర్న్ ట్రెంట్, యునైటెడ్ యుటిలిటీస్ కూడా అదే దేశం, అదే రెగ్యులేటర్. శుభ్రంగా డివిడెండ్లు ఇస్తున్నాయి. 2030 వరకు 10,400 కోట్ల పౌండ్ల ఖర్చుకి ఆఫ్‌వాట్ ఒప్పుకుంది, బిల్లులు సగటున 36% పెంచుకోమంది. ఆదాయం పెరుగుతుందని రెగ్యులేటరే రాసిచ్చాక ఇంకేం కావాలి?

లండన్_లక్ష్మి
ఆ 36% కట్టేది మేమండీ. ద్రవ్యోల్బణం దానికి అదనం. మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ బిల్లు కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది, వాయిదాల్లో కట్టొచ్చా అని అడగడానికి. ఇలాంటి బిల్లులు ఓట్ల సమస్య అవుతాయి. 2025 జులైలో సమీక్ష సంఘం చెప్పగానే ఆఫ్‌వాట్‌నే రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మీకు రాసిచ్చిన రెగ్యులేటరే ఉండడు, ఆ రాతకి విలువెంత?

హెచ్‌పీఎల్‌సీ_రవి
ఆ వాటర్ ఫండ్‌లో ఏ కంపెనీలున్నాయో ముందు జాబితా తెరిచి చూడండి. ఇలాంటి ఒక అమెరికన్ ఫండ్ జాబితాలో నేను వాటర్స్ కార్పొరేషన్ చూశాను. మాది ఫార్మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబు. ఆ కంపెనీ మిషన్ పక్కనే రోజూ పది గంటలు నిలబడతాను. మాత్రలో మందు ఎంతుంది, మలినం ఎంతుంది అని కొలుస్తుంది. మంచి మిషను, నీళ్ళ పరీక్షలకీ వాడతారు, కానీ ఎక్కువగా బతికేది మందుల కంపెనీల మీద. పెట్టినాయన ఇంటిపేరు వాటర్స్, అందుకే ఆ పేరు.

కొల్లేటి_కొంగ
@హెచ్‌పీఎల్‌సీ_రవి అంటే మా పొలం డబ్బు నీళ్ళలో పెట్టాననుకుని మందుల్లో పెడతానన్నమాట 😄 జాబితా ఇవాళే అడుగుతాను.

పైపుల_ప్రసాద్
నేను చెప్తానండి. 22 ఏళ్ళుగా పైపులైను కాంట్రాక్టులు. గోదావరి జిల్లాల్లో మొదలెట్టి మూడు రాష్ట్రాల్లో చేశాను.

జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించారు. అప్పటికి కుళాయి ఉన్న పల్లె ఇళ్ళు 3.23 కోట్లు, ఇప్పుడు 15 కోట్లు దాటాయి. ఇంత పని నా జన్మలో చూడలేదు. 2022లో డీఐ పైపు (డక్టైల్ ఐరన్, ఇనప పైపు) దొరక్క ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు పెట్టుకుని కూర్చున్నాం. మా చిన్నప్పుడు ముందు తరం ఇలాంటి పనుల మీదే ఇళ్ళు కట్టుకుంది కదా, మన వంతు వచ్చిందనుకున్నాను.

పని చేశాను. కందకం తవ్వాం, పైపు వేశాం, నీళ్ళు నింపి ప్రెజర్ టెస్టు ఇచ్చాం. ఏఈ గారు వచ్చి ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు చేశారు, డీఈ గారు చెక్ మెజర్‌మెంట్ చేశారు. బిల్లు పైకెళ్ళింది. అక్కడే ఉంది. పద్నాలుగు నెలలు. ఏ రాష్ట్రమో, ఏ ఆఫీసో రాయను. ఎవర్నడిగినా "బడ్జెట్ రాలేదు" అనే మాటే.

ఎందుకు రాలేదో ఆలస్యంగా అర్థమైంది. 2024-25కి కేంద్రం ముందు 70,163 కోట్లు కేటాయించింది. సవరించిన అంచనాల్లో అది 22,694 కోట్లయింది. గడువు 2028కి జరిపారు. ఊళ్ళకి నీళ్ళు అక్కర్లేక తగ్గించలేదండి. అవసరం అంతే ఉంది, డబ్బు మాత్రం ఆగింది. మా ఆవిడ గాజులు కుదవపెట్టి కూలీలకి ఇచ్చాను. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలకైనా ఇదే కథ. వాళ్ళకి గాజుల బదులు బ్యాంకు ఓడీ అప్పు ఉంటుంది, అంతే.

కొంగ గారూ, నీళ్ళ కంపెనీ షేరు కొనేముందు రావలసిన బాకీలు ఎన్ని రోజులకి వసూలవుతున్నాయో చూడండి. నాకు తెలిసిన సూత్రం అదొక్కటే.

ఆడిటర్_అరుణ
ప్రసాద్ గారు చెప్పింది బ్యాలెన్స్ షీటులో ట్రేడ్ రిసీవబుల్స్ దగ్గర కనపడుతుంది. అమ్మకాల్లో సగం బాకీలుగా కూర్చుంటే ఆ లాభం కాగితం మీదే ఉన్నట్టు.

పన్ను సంగతి. డబ్బు నేరుగా విదేశీ ఫండ్‌కి పంపితే ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే పథకం) కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పరిమితి, మీకు ఇబ్బంది లేదు. కానీ 10 లక్షలు దాటినదాని మీద 20% టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. 12 లక్షలు ఒకే ఏడాదిలో పంపితే 2 లక్షల మీద 40,000. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. విదేశీ ఆస్తి కాబట్టి రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి, చాలామంది మర్చిపోయి నోటీసులు తెచ్చుకుంటున్నారు. ఇక్కడి మ్యూచువల్ ఫండ్ ద్వారా వెళితే ఇవేవీ ఉండవు.

దేవరకొండ_ఆర్ఓ
మాది చిన్న ఆర్ఓ ప్లాంటు, ఊర్లనే. నీళ్ళ బిజినెస్ అంటే నేను గూడ లెక్కే కదా అని రాస్తున్న. మా నల్గొండ దిక్కు ఫ్లోరైడ్ కథ అందరికీ ఎరుకే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా పాత బోరుల దానికి డబుల్ ఉండె. 2013ల ప్లాంటు పెట్టిన. పొద్దుగాల ఐదింటికి మోటరు ఆన్ చేసి మొదట టీడీఎస్ మీటరు ముంచుత. (అరుణ మేడం పన్నుల టీడీఎస్ కాదు, నీళ్ళల్ల కరిగిన లవణాల లెక్క.) 80 చూపిస్తే మంచిగున్నట్టు. 150 దాటిందంటే నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ పోతున్నట్టు. మెంబ్రేన్ పోతే ఆ నెల లాభం పాయె. బోరుల నుంచి తీసిన నీళ్ళల్ల సగం రిజెక్టే, మోరీల పోతది. అది చూస్తే ఇప్పటికీ పానం గుంజుతది.

గిరాకీ ఫుల్లు. కాని క్యాను పది రూపాయలు చేస్తే పక్కూరోడు ఎనిమిదికి ఆటోల తెచ్చి ఇంటిముంగల పెడ్తడు. పన్నెండేండ్లల్ల నేను చూసింది ఇదే. నీళ్ళు అందరికీ కావాలె, ధర పెంచే బలం మాత్రం ఎవ్వరికీ లేదు.

స్మాల్‌క్యాప్_సూరి
@దేవరకొండ_ఆర్ఓ అన్నా, ఆ మెంబ్రేన్ అమ్మినవాడికి మాత్రం డబ్బు వచ్చింది కదా? నా పాయింటు అదే. నీళ్ళు అమ్మేవాణ్ణి వదిలేయండి. పంపులు, మీటర్లు, మెంబ్రేన్లు, రసాయనాలు అమ్మేవాణ్ణి పట్టుకోండి. 2023లో జైలం అనే పంపుల కంపెనీ నీటిశుద్ధి కంపెనీ ఎవోక్వాని 750 కోట్ల డాలర్లకి కొన్నది. 2022లో వియోలియా తన చిరకాల ప్రత్యర్థి సూయెజ్‌ని చాలావరకు కలిపేసుకుంది. పెద్దవాళ్ళు ఊరికే కొంటారా?

పైపుల_ప్రసాద్
సూరి గారి మాటలో నిజం ఉందండి. నాకు పైపు ఇచ్చినవాడు అడ్వాన్సు తీసుకున్నాకే లారీ కదిలించాడు. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో డీఐ పైపుల ఫ్యాక్టరీ ఉంది కదా, అది ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో కలిసింది. అలాంటివాళ్ళకి మాకంటే ముందు డబ్బు అందుతుంది. కానీ మాకు బిల్లులు ఆగితే మేం ఆర్డర్లు ఆపేస్తాం. అప్పుడు గేటు ముందు లారీలుండవు. దెబ్బ వాళ్ళకీ తగులుతుంది, ఆరు నెలలు ఆలస్యంగా.

సింగపూర్_సుబ్బు
సింగపూర్ నీళ్ళ కంపెనీ హైఫ్లక్స్ పేరెత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. ఇక్కడ 18 ఏళ్ళుగా ఉంటున్నా.

సింగపూర్‌కి పెద్ద నదుల్లేవు. మలేసియా నుంచి నీళ్ళు కొంటుంది, 2003 నుంచి మురుగునీటిని శుద్ధి చేసి న్యూవాటర్‌గా వాడుతోంది. 2005లో దేశపు మొదటి డీశాలినేషన్ ప్లాంటు (సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసేది) పెట్టింది హైఫ్లక్స్. ఇక్కడి జనానికి అది గర్వకారణం. 6% ఇచ్చే ప్రిఫరెన్స్ షేర్లు, బాండ్లు మామూలు జనానికి అమ్మింది. రిటైరైన టీచర్లు, టాక్సీ డ్రైవర్లు కొన్నారు. కంపెనీ టువాస్‌లో పెద్ద ప్లాంటు కట్టింది. దాని పక్కనే కరెంటు ప్లాంటు కూడా కట్టి, మిగిలిన కరెంటు అమ్ముకుంటే నీళ్ళు చవగ్గా ఇవ్వొచ్చని లెక్క వేసింది. కరెంటు ధరలు పడిపోయాయి. 2018 మేలో అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కంపెనీ కోర్టుకెక్కింది. సుమారు 34,000 మంది చిన్న మదుపర్ల 90 కోట్ల సింగపూర్ డాలర్లు ఇరుక్కుపోయాయి. 2019లో ప్రభుత్వ నీటి సంస్థ పబ్ ఆ నీళ్ళ ప్లాంటుని పైసా ఇవ్వకుండా తీసేసుకుంది. ప్లాంటు ఇవాళ్టికీ నడుస్తోంది. మా వంటింటి కుళాయిలో ఆ నీళ్ళూ కలుస్తాయి.

నేను కొనలేదు, చేతిలో డబ్బు లేక. ఉంటే కొనేవాణ్ణి. నీళ్ళ మీద పెట్టిన డబ్బు కరెంటు ధర వల్ల మునిగిందంటే అప్పట్లో నమ్మలేకపోయాను.

చెన్నై_చెల్లి
@సింగపూర్_సుబ్బు అన్నయ్యా, చెన్నైది ఇంకో రకం. 2019 జూన్‌లో చెరువులన్నీ ఎండి, జులైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైల్లో ట్రిప్పుకి 25 లక్షల లీటర్లు తెచ్చారు. కండలేరు నుంచి వచ్చే మన కృష్ణా నీళ్ళ కోసం ఎదురుచూపులు సరే సరి. మా హాస్టల్లో మనిషికి రెండు బకెట్లు. జుట్టు కత్తిరించేసుకున్నా అప్పుడు.

మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లు లేకపోతే నగరం ఏమయ్యేదో. 2024లో నెమ్మేలిలో 15 కోట్ల లీటర్లది ఇంకోటి మొదలైంది, పేరూరులో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. మీంజూరులో కట్టినవాడు సొంత డబ్బుతో కట్టి, నీళ్ళు నగర నీళ్ళ బోర్డు మెట్రోవాటర్‌కి అమ్ముతాడు. అలాంటి ఒప్పందాల్లో వాన బాగా పడి చెరువులు నిండినా నగరం డబ్బు కడుతూనే ఉండాలి. పెట్టుబడిదారుకి అది బంగారం, పన్ను కట్టే మాకు భారం. అయినా రెండు బకెట్ల రోజులు చూశాక నేను భారానికే ఓటేస్తా.

అనంత_రైతుబిడ్డ
అందరూ తాగే నీళ్ళ గురించే మాట్లాడుతున్నారు సామీ. ప్రపంచంలో వాడే మంచినీళ్ళలో 70% సేద్యానికే. మాకు 800 అడుగులు దింపినా బోరు పడదు. చీనీ చెట్లు బతికినాయంటే డ్రిప్పు వల్లే. ఆ డ్రిప్పు కంపెనీలు సబ్సిడీ మీద బతుకుతాయి. ప్రభుత్వం బాకీ ఆపితే వాళ్ళు సామాను ఆపుతారు. నేను రెండేండ్లు కాగితం పట్టుకొని తిరిగితి, ఈలోగా నలభై చెట్లు ఎండిపోయె. ప్రసాదన్న చెప్పినదే ఇక్కడా.

వైజాగ్_వాసు
మా ఊరికి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది, 2025 అక్టోబరులో. దానికి నీళ్ళెక్కడివి? మాకే ఏలేరు కాలువ, రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి చాలక వేసవిలో ట్యాంకర్లు తిరుగుతాయి. శుద్ధి చేసిన మురుగునీరు పరిశ్రమలకి ఇస్తే? అక్కడ డబ్బు ఉంది కదా?

రిటైర్డ్_ఈఈ
వాసు సరైన చోట వేలు పెట్టాడు. పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్ శాఖలో 34 ఏళ్ళు చేశాను, కాస్త పొడుగ్గా రాస్తాను.

దేశంలో పట్టణాల మురుగు రోజుకి 7,236 కోట్ల లీటర్లని 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క కట్టింది. అందులో శుద్ధి అయ్యేది 2,023 కోట్ల లీటర్లే. ఇళ్ళకిచ్చే నీళ్ళకి బిల్లు పెంచడానికి ఏ నాయకుడూ ఒప్పుకోడు. హైదరాబాదులో 2021 నుంచి నెలకి 20,000 లీటర్లు ఉచితం. పేదవాడికి అది ఉండాలి కూడా. ఫ్యాక్టరీ మాత్రం నీళ్ళకి డబ్బు కడుతుంది, ఎందుకంటే నీళ్ళు ఆగితే దాని నష్టం ఇంకా ఎక్కువ. 2021 కరువులో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ ట్యాంకర్లు పెట్టి నీళ్ళు తోలుకుంది. అందుకే సూరత్ తన మురుగుని శుద్ధి చేసి పాండేసరా బట్టల మిల్లులకి అమ్ముతోంది. నాగపూర్‌ది కొరాడీ థర్మల్ ప్లాంటుకి పోతోంది. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూరు ప్లాంట్లు ఇందుకే కట్టారు.

ఇంకో మాట. ప్రభుత్వ సంస్థ అంటే నష్టమే అనుకోకండి. కంబోడియా రాజధాని నాంపెన్ చూడండి. 1993లో వదిలిన నీళ్ళలో 72% లెక్కకి రాకుండా పోయేవి. ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు పగ్గాలు పట్టాడు. ఇంటింటికీ మీటరు పెట్టాడు, బిల్లు కట్టని పెద్దవాళ్ళ కనెక్షన్లు కోశాడు. ఒక జనరల్ ఇంటికి మీటరు పెట్టడానికి వెళ్తే తలకి తుపాకీ గురిపెట్టారు. ఆయన వెనక్కి తగ్గలేదు. పేదలకి తక్కువ ధర పెట్టాడు. ఆ నష్టం 6 శాతానికి దిగింది. 2006లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. 2012లో కంబోడియా స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన మొట్టమొదటి కంపెనీ ఆ నీళ్ళ సంస్థే.

రాత్రిపూట రోడ్డు మీద ఇనపకడ్డీ పెట్టి, పై కొస చెవికి ఆనించి లీకు వినేవాళ్ళం. భూమిలో ఎక్కడో 'సుయ్'మని సన్నటి చప్పుడు. ఆ చప్పుడు పోగొట్టుకుంటున్న డబ్బు. కొత్త ప్లాంటుకి రిబ్బను కోయడానికి పదిమంది వస్తారు, లీకు పూడ్చడానికి ఎవరూ రారు. నాకు ఉద్యోగమంతా ఉన్న బాధ ఇదే.

లండన్_లక్ష్మి
ఈఈ గారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. ప్యారిస్ కూడా 2010లో నీళ్ళని ప్రైవేటు చేతుల్లోంచి తిరిగి నగరం చేతిలోకి తీసుకుంది.

స్మాల్‌క్యాప్_సూరి
నాంపెన్ సంగతి తెలీదు నాకు. ఒప్పుకుంటున్నా, నేను గిరాకీ ఒక్కటే చూస్తున్నాను. అయినా పరికరాల కంపెనీల మీద నా నమ్మకం అలాగే ఉంది.

ఆడిటర్_అరుణ
ఇందోర్ బాండు గురించి ఎవరూ చెప్పలేదు. 2023 ఫిబ్రవరిలో ఆ నగరపాలక సంస్థ మామూలు జనం నుంచే 244 కోట్లు అప్పు తీసుకుంది, వడ్డీ 8.25%. దేనికంటే, జలూద్‌లో నర్మద నీళ్ళు తోడే పంపులకి సోలార్ కరెంటు కోసం. కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో తెలుసు, కట్టే నగరం తెలుసు, వడ్డీ ఎంతో తెలుసు. నీళ్ళ పెట్టుబడి అంటే నాకు ఇలాంటిది ఇష్టం. పదింతలు అవదు, కానీ నిద్ర పడుతుంది.

కొల్లేటి_కొంగ
ఇవాళ బ్యాంకుకి వెళ్ళాను. రవి గారు చెప్పినట్టు జాబితా అడిగాను, ప్రసాద్ గారు చెప్పినట్టు బాకీల రోజులు అడిగాను. "నీళ్ళకి గిరాకీ సరే, డబ్బు ఎవరు కడతారు బాబూ?" అన్నాను. చెడ్డవాడేం కాదు, నిజంగానే ఆలోచించాడు. పై ఆఫీసులో కనుక్కుని చెప్తానన్నాడు.

అమ్మతో మాట్లాడాను. 9 లక్షలు ఎఫ్‌డీలో అమ్మ పేరుతో. లక్ష నా దగ్గర. 2 లక్షలు పరికరాల కంపెనీలున్న ఇక్కడి ఫండ్‌లో నెలకి కొంచెం కొంచెంగా. ఇందోర్ లాంటి బాండు మళ్ళీ ఏదైనా వస్తే అరుణ గారు ఇక్కడ ఒక మాట వేయాలి.

ఆడిటర్_అరుణ
తప్పకుండా. రేటింగు చూశాకే సుమా.

దేవరకొండ_ఆర్ఓ
ఈఈ సారూ, ఒక ముచ్చట. మా ఊర్ల నల్లా కింది వాడకు మంచిగొస్తది, పై వాడకు నాలుగు బిందెలు నిండకముందే ఆగుతది. ట్యాంకు నిండే ఉంటది. మా అమ్మోళ్ళ ఇల్లు పై వాడలనే. లీకంటరా?

రిటైర్డ్_ఈఈ
@దేవరకొండ_ఆర్ఓ కావచ్చు. రాత్రి రెండింటికి, ఊళ్ళో నల్లాలన్నీ కట్టేసి ఉన్నప్పుడు ట్యాంకు మట్టం గీత పెట్టి చూడు. గంటలో దిగితే లీకే. తర్వాత వాల్వ్ దగ్గర మొదలుపెట్టి పదడుగులకోసారి కడ్డీ పెట్టి విను. కుక్కలు మొరుగుతాయి, ఓపిక పట్టాలి. నీతో వాల్వ్ తిప్పే మనిషిని తీసుకెళ్ళు, ఒక్కడివే తవ్వొద్దు.

దేవరకొండ_ఆర్ఓ
పోయినం సారూ, నేనూ మా వాల్వ్ మల్లన్న. గంటల జానెడు దిగింది. బడి వెనక చింతచెట్టు కాడ కడ్డీ పెడితే మీరు చెప్పిన చప్పుడే ఇనవడ్డది. ఆడ ఎండకాలం గూడ గడ్డి పచ్చగుంటది, ఇన్నేండ్లు ఎందుకో అనుకోలే. రేపు పంచాయతోళ్ళు తవ్వుతున్నరు. ఫోటో పెడ్త.